ఏ వయసుకా ముచ్చట: ఎవరి వయసు? ఎవరి ముచ్చట?

తెలుగులో కొన్ని సామెతలకు శాస్త్రవాక్యాలకు కూడా లేని గౌరవం వుంది. శాస్త్రవాక్యాన్ని ప్రశ్నించినవాణ్ణి పండితుడనైనా అంటారు. సామెతను ప్రశ్నించినవాణ్ణి లోకజ్ఞానం లేనివాడని తీసిపారేస్తారు. "ఏ వయసుకా ముచ్చట" అన్నది అటువంటి సామెత. బాల్యానికి ఆటలు, యౌవనానికి షికార్లు, నడివయసుకు పెళ్లిపేరంటాలు, వార్ధక్యానికి పురాణ కాలక్షేపం. యీ వరసను సూర్యోదయ సూర్యాస్తమయాలంత సహజమైనదిగా భావించడం మనకు అలవాటయింది. అలవాటయిన ప్రతిదాన్నీ సహజమనుకోవడం కూడా మనకు అలవాటే.

యీ సామెతను నేడు మూడు రకాల మనుషులు మూడు రకాలుగా వాడుకుంటున్నారు. మొదటివారు ఛాందసులు. వీరికి ఆశ్రమధర్మాలు వున్నాయి. ఏ ఈడులో ఏది తగునో పెద్దలు ఎప్పుడో నిర్ణయించి పెట్టారని వీరి నమ్మకం. రెండవవారు స్మృతికారులు. తమ చిన్ననాటి సంక్రాంతి అసలైన సంక్రాంతి అనీ, నేటి కుర్రకారుకు తెలిసింది చప్పుడే గాని సంబరం కాదనీ వీరు ఆదివారం అనుబంధాలలో వ్యాసాలు రాస్తుంటారు. మూడవవారు వ్యాపారులు. వీరికి వయసంటే ఒక అంగడి. పదిహేనేళ్లవాడికి ఒక సరుకు, ముప్ఫై యేళ్లవాడికి ఒక సరుకు, అరవై యేళ్లవాడికి ఒక సరుకు. మొదటివారు ఉపదేశిస్తారు, రెండవవారు నిట్టూరుస్తారు, మూడవవారు బిల్లు వేస్తారు. కాని ముగ్గురి వాదానికీ పునాది ఒక్కటే: సరదాను మార్చేది వయసు.

యీ పునాది తప్పని నా వాదన. మనిషి సరదాను నిర్ణయించేది ప్రధానంగా అతనికి నిండిన ఏళ్ల సంఖ్య కాదు, అతని చేతిలో మిగిలిన గంటల సంఖ్య. ఆ గంటలు ఎవరికి ఎన్ని మిగలాలో నిర్ణయించేది ప్రకృతి కాదు. వర్గం, కులం, స్త్రీపురుష భేదం. వయసు పేరు చెప్పి మనం మాట్లాడుతున్నదంతా నిజానికి తీరిక మీద హక్కును గురించి.

ఇక్కడే ఒక అపార్థాన్ని తొలగించాలి. శరీరానికి వయసు లేదని నేననడం లేదు. ఇరవై యేళ్లవాడు తెల్లవార్లూ మేలుకొని మర్నాడు మామూలుగా తిరగగలడు. యాభై యేళ్లవాడు ఆ పని చేస్తే రెండు రోజులు నీరసపడతాడు. ఒకప్పుడు గుంపు కావాలనిపించినవాడికి ఒక ఈడు వచ్చాక నలుగురు ఆప్తులు చాలుననిపించవచ్చు. ఇదంతా నిజమే. కాని శరీరధర్మం చెప్పేది అంతవరకే. మోకాలి నొప్పి వచ్చినవాడు గంతులు వేయలేడు. అంతమాత్రాన పాట మీద, పేకముక్క మీద, స్నేహితుడి మీద అతనికి మనసు చచ్చిపోవాలని ఏ మోకాలూ చెప్పదు. మారిన సరదా వేరు, మానిపించిన సరదా వేరు. మొదటిది మనిషి ఎదుగుదల. రెండవది మనిషి మీద జరిగిన దోపిడి. సామెత యీ రెంటినీ ఒకే మూటలో కడుతుంది. దాని అసలు మోసం అక్కడ వుంది.

దూరం పోనక్కరలేదు, ఏ పట్టణంలోనైనా ఒక ఫంక్షన్ హాలు చూస్తే చాలు. నేను డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతాను. ముహూర్తాలు దట్టంగా వున్న రోజుల్లో మొదటి పీరియడుకు వెనక బెంచీలలో కొందరు కునికిపాట్లు పడుతుంటారు. వాళ్లు రాత్రి తిరుగుళ్లు తిరిగినవాళ్లు కారు, క్యాటరింగు పనికి పోయినవాళ్లు. చేతికి తొడుగులు, నెత్తిన టోపీ పెట్టుకొని, ఏ అర్ధరాత్రి దాకానో వడ్డించి, బల్లలు తుడిచి, రోజుకూలి జేబులో వేసుకొని వచ్చినవాళ్లు. తమ ఈడువాళ్లే అవతల డీజే ముందు గెంతుతుంటే వీళ్లు మంచినీళ్ల సీసాలూ ఐస్‌క్రీం కప్పులూ మోస్తుంటారు. అటువంటి కుర్రవాణ్ణి ఒకసారి, "సెలవు రోజున ఏం చేస్తావయ్యా?" అని అడిగాను. "నిద్ర పోతా సార్" అన్నాడు. తడుముకోకుండా అన్నాడు. పందొమ్మిదేళ్ల వయసుకు వచ్చిన ముచ్చట అది! సామెత ప్రకారం అది అరవై యేళ్లవాడికి రావలసిన కోరిక.

అదే హాలులో వేదిక మీద షష్టిపూర్తి జరుగుతుంటుంది. అరవై నిండిన గృహస్థు మెడలో పూలమాల, పక్కన పట్టుచీర కట్టిన భార్య, చుట్టూ మనుమలు. వెనక పక్కన కుళాయి దగ్గర అరవై నిండిన ఒక స్త్రీ అండాలు తోముతుంటుంది. ఆమెకు అరవై నిండాయని ఆమెకు కూడా లెక్క వుండదు. వడ్డన చేసే కుర్రవాడికీ, అండాలు తోమే అవ్వకూ మధ్య నలభై యేళ్ల అంతరం వుంది. కాని ఆ రాత్రి ఇద్దరి కోరికా ఒక్కటే: కాసేపు కూర్చోవాలి. ఒకే వర్గంలో పందొమ్మిదికీ అరవైకీ వున్న దూరం కంటే, ఒకే వయసులో రెండు వర్గాల మధ్య వున్న దూరం ఎక్కువ. దీన్ని ఏ వయసు సిద్ధాంతం వివరించగలదో పెద్దలు సెలవియ్యాలి.

ఇక చరిత్రకు వద్దాం. వయసును బట్టి సరదాలను గదులుగా విడగొట్టడం అనాదిగా వున్నదేమీ కాదు. ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఏరియెస్ 1960లో బాల్యాన్ని గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. బాల్యం గురించి ఆయన చేసిన నిర్ధారణలలో కొన్నింటిని తరవాతి చరిత్రకారులు ఖండించారు. కాని ఆటలను గురించి ఆయన చూపిన విషయం ఆలోచించదగింది. పూర్వపు ఐరోపా సమాజంలో పిల్లలూ పెద్దలూ చాలావరకు ఒకే ఆటలు ఆడేవారు. కాలక్రమాన పైవర్గాల పెద్దలు వాటిని వదిలేశారు. వదిలిన ఆటలు ఒకపక్క పిల్లలకూ, మరోపక్క కిందివర్గాలకూ మిగిలాయి. అనగా "పిల్లచేష్టలు" అన్న నిందా, "అలగా చేష్టలు" అన్న నిందా ఒకే ఇంట్లో పుట్టాయి. పెద్దమనిషితనం అనేది వయసుతో వచ్చే గుణమని మనం అనుకుంటున్నాం. అది హోదాతో వచ్చే గుణం.

మన దేశంలో మాత్రం? బతుకమ్మ చుట్టూ తిరిగే వలయంలో పదేళ్ల పిల్లా, ఆమె తల్లీ, ఆ తల్లికి తల్లీ ఒకే చప్పట్లకు ఒకే అడుగు వేస్తారు. పెళ్లికాని పిల్లలకు బొడ్డెమ్మ వేరే వున్నా, బతుకమ్మ దగ్గర ఆ గీత చెరిగిపోతుంది. తోలుబొమ్మలాట ఆడిన రాత్రి, వీధినాటకం ఆడిన రాత్రి, చంటిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఒకే చోట చాపలు పరుచుకొని కూర్చునేవారు. కునుకు వచ్చినవాళ్లు అక్కడే పడుకునేవారు. హాస్యగాడు వచ్చినప్పుడు లేచి నవ్వేవారు. పిల్లల ప్రదర్శన, పెద్దల ప్రదర్శన అని టిక్కెట్లు వేరుగా లేవు.

యీ మాట చెప్పి నేను పాత పల్లెటూరికి హారతి పట్టబోవడం లేదు. స్మృతికారులు చేసే పొరపాటు అదే. ఆ చాపలు ఎవరివి? ఎవరి చాప ఎక్కడ పరిచారు? ఊరేగింపు ముందు డప్పు కొట్టినవాడికి దేవుడి గుడిలో చోటు లేదు. దొరగారి గడీలో వేడుక జరిగితే ఊళ్లో వృత్తుల వాళ్లందరికీ అది వెట్టి. దొరబిడ్డ పెళ్లయితే ఆమె వెంట ఆడబాపగా ఇంకొక బిడ్డను పంపేవారు. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరిదీ ఒకే వయసు. ఒకరిది పెళ్లివేడుక, రెండవవారిది బానిసత్వం. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతాంగం దున్నేవాడికి భూమి కోసమే కాదు, వెట్టి లేని పగటి కోసం కూడా పోరాడింది. వెట్టి అంటే ఏమిటి? ఒకడి వేళ మీద మరొకడి అధికారం. కనుక "మా రోజుల్లో పండగలు" అని రాసేవారిని మనం అడగవలసిన ప్రశ్న ఒకటి వుంది: అయ్యా, ఆ పండగ రోజున మీ పెరట్లో పని ఎవరు చేశారు?

ఛాందసుల ఆశ్రమధర్మాల సంగతి ఇంకా సులభం. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం అనే నాలుగు మెట్లు ద్విజ పురుషుడి కోసం కట్టినవి. శూద్రుడికీ స్త్రీకీ వాటిలో మెట్టు లేదు, వాళ్లకున్నది సేవ. సేవకు బాల్యమూ లేదు, వార్ధక్యమూ లేదు. "ఏ వయసుకు ఆ ధర్మం" అన్న సూత్రం పుట్టినప్పుడే జనాభాలో ఎక్కువమందిని అది వయసు లేనివాళ్లుగా లెక్కగట్టింది.

మన సాహిత్యం యీ విషయాన్ని గుర్తించలేదా? గుర్తించింది, మనమే సరిగా చదవలేదు. 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో మారురూపంతో వచ్చిన గురజాడ "కన్యాశుల్కం"ను సంస్కరణ నాటకమని పాఠాలు చెబుతున్నాం. అది తప్పు కాదు. కాని అదే నాటకాన్ని "ఏ వయసుకా ముచ్చట" అన్న సామెత మీద వచ్చిన ఘాటైన విమర్శగా కూడా చదవవచ్చు. ముసలి లుబ్ధావధానికి పెళ్లి ముచ్చట. పసిపిల్ల సుబ్బి ఆ ముచ్చటకు వెల కట్టిన సరుకు. వయసులో వున్న బుచ్చమ్మకు ఏ ముచ్చటా లేదు, ఆమె వితంతువు. మొగవాళ్ల సరదా కోసం పేకాట సాగే ఇంట్లో మధురవాణికి మాత్రం అది వృత్తి, పొట్టకూడు. డబ్బున్న పురుషుడికి ముసలితనంలో కూడా యౌవనం కొనుక్కునే వీలుంది. వితంతువుకు యౌవనంలోనే వార్ధక్యం అంటగట్టే ఆచారం వుంది. మరి వయసు ఎక్కడ పనిచేసింది? 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఛాందసులు అంతగా మండిపడడానికి కారణం ఇదే. ఒక స్త్రీకి ఆమె వయసును తిరిగి ఇవ్వడం వాళ్లకు ధర్మనాశనంగా కనిపించింది.

"బుడుగు"నే తీసుకోండి. ముళ్లపూడి వెంకటరమణ ఆ పిల్లవాడి అల్లరిని చిరంజీవిని చేశాడు. నాకూ అది ఇష్టమైన పుస్తకమే. కాని బుడుగు అల్లరి చేయాలంటే ఇంట్లో అమ్మా, నాన్నా, బామ్మా వుండాలి. బడి ఎగ్గొట్టాలంటే ముందు బడికి పంపేవాళ్లుండాలి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పత్తివిత్తన చేలలో పొద్దున్నే మంచులో క్రాసింగు పనికి దిగిన ఆడపిల్లలకు యీ అల్లరి ఎక్కడిది? చిన్న చేతులు పువ్వును నలపకుండా పనిచేస్తాయనీ, తక్కువ కూలికి వస్తాయనీ వాళ్లను ఏరి తెచ్చేవారు. బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం 1986లో వచ్చింది. ఆ తరవాత కూడా ఏళ్ల తరబడి యీ పని సాగింది. ఆ పిల్లలకు ఆడుకునే వయసు రాలేదని ఎవరూ అనలేరు. వయసు వచ్చింది, వేళ రాలేదు.

వేళ అనగానే ప్రశ్న అర్థశాస్త్రంలోకి పోతుంది. మార్క్సు 1867లో ప్రచురించిన "పెట్టుబడి" మొదటి సంపుటంలో పనిదినాన్ని గురించి ఒక దీర్ఘమైన అధ్యాయం వుంది. కార్మికుడి రోజులో ఎన్ని గంటలు అతనివి, ఎన్ని గంటలు యజమానివి అన్నది ప్రకృతి తేల్చే విషయం కాదనీ, వర్గపోరాటం తేల్చే విషయమనీ ఆ అధ్యాయం సారాంశం. ఇంగ్లండులో స్త్రీలకూ బాలురకూ పదిగంటల చట్టం 1847లో వచ్చింది. 1886 మే నెలలో చికాగో కార్మికులు ఎనిమిది గంటల కోసం రక్తం ధారపోశారు. పని, విశ్రాంతి, తన ఇష్టం: రోజును యీ మూడు భాగాలుగా పంచమన్నది ఆ ఉద్యమం అడిగిన అడుగు. మూడవ భాగాన్ని గమనించండి. తినడానికీ నిద్రపోవడానికీ పోగా మిగిలిన ఎనిమిది గంటలను మనిషి తనకు తోచినట్టు గడుపుకునే హక్కు కోసం మనుషులు ప్రాణాలిచ్చారు. మార్క్సు అల్లుడు పోల్ లఫార్గ్ 1880లోనే సోమరిగా వుండే హక్కును సమర్థిస్తూ ఒక వ్యాసం రాశాడు. శ్రామికుడికి శ్రమ మీద భక్తి నూరిపోయడం ఎవరికి లాభమో అందులో ఎగతాళిగా చూపించాడు.

ఆ పోరాటాల ఫలంగా మనకు 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించరాదన్నది. ఇప్పుడు అడుగు వెనక్కు పడుతోంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ గరిష్ఠ పనిగంటలను 9 నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది. మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందే, 2023 అక్టోబరులో, ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి దేశం కోసం యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలని హితవు చెప్పారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ దాన్ని 90కి పెంచి, ఆదివారం కూడా పనిచేయించలేకపోతున్నందుకు విచారించారు. యౌవనం సరదాల వయసని సామెత అంటుంది. యౌవనం డెబ్భై గంటల వయసని పెట్టుబడి అంటుంది. రెంటిలో ఏది చెల్లుబాటవుతుందో జీతాల పట్టీ చూస్తే తెలుస్తుంది.

పెట్టుబడి ఒక చేత్తో తీరికను లాక్కుంటుంది, రెండవ చేత్తో మిగిలిన కాస్త తీరికనూ అమ్ముతుంది. అమ్మడానికి వయసు విభజన కావాలి. కౌమారాన్ని ఒక ప్రత్యేక దశగా వర్ణిస్తూ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ హాల్ 1904లో పెద్ద గ్రంథం రాశాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరవాత అక్కడి వ్యాపారులు ఆ దశను "టీనేజర్" అనే ఖాతాదారుగా మార్చారు. ఇప్పుడు మన పట్టణాల్లో కూడా ప్రతి ఈడుకూ ఒక కౌంటరు వుంది. పసివాడికి కేకూ బుడగలూ, కుర్రవాడికి పబ్బూ డీజే, కొత్త దంపతులకు సంగీత్ వేడుక, నడివయసు గృహిణికి కిట్టీ పార్టీ, రిటైరైనవాడికి తీర్థయాత్ర ప్యాకేజీ. అన్నీ ఈవెంట్ మేనేజరు చేతిలో. వయసుతో పాటు సరదా మారుతున్నదని మనం ఆశ్చర్యపోతున్నాం గాని, మారుతున్నది కౌంటరు. కౌంటరు దగ్గర నిలబడలేని వాళ్లకు ఏ వయసులోనూ ఏమీ లేదు.

స్త్రీల విషయంలో యీ మోసం మరింత స్పష్టం. జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దాని మీద గడిపారు. 2024లో అవి 289, 88 నిమిషాలు. ఐదేళ్లలో స్త్రీకి పది నిమిషాలు కలిసివచ్చాయి. పురుషుడు తన భాగంలోంచి తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నాడు! సంక్రాంతిని కుటుంబమంతా కలిసి చేసుకునే పండగంటారు. గోదావరి జిల్లాల్లో మొగవాళ్లు బరి దగ్గర కోడిపందేలు చూస్తుంటే, ఆడవాళ్లు మూకుడు దగ్గర అరిసెలు వత్తుతుంటారు. ఒకరికి పండగ, ఒకరికి అదనపు షిఫ్టు.

ఆడపిల్లకు సామెత ఎట్లా వర్తిస్తుందో చూడండి. పెళ్లికాక ముందు, "పెళ్లయ్యాక మీ ఆయనతో వెళుదువుగాని." పెళ్లయ్యాక, "పిల్లలు కాస్త పెద్దవాళ్లు కానీ." పిల్లలు పెద్దవాళ్లయ్యాక, "యీ వయసులో నీకిదేం బుద్ధి?" ఇక ఏ వయసుకు ఏ ముచ్చట? ఆమె జీవితంలో సరదాకు తగిన వయసు ఎప్పుడూ రాబోయేదిగానో, గడిచిపోయినదిగానో వుంటుంది గాని, వున్నదిగా ఎన్నడూ వుండదు. చివరకు షష్టిపూర్తి కూడా భర్తకు అరవై నిండితేనే. భార్యకు అరవై నిండిన రోజు మామూలు రోజు. భర్త ముందే పోయినామెకు అదీ లేదు.

సిమోన్ ద బోవా 1970లో వార్ధక్యాన్ని గురించి రాసిన గ్రంథంలో ఇదే ప్రశ్న వేసింది. ముసలితనం అందరికీ ఒకటి కాదనీ, జీవితమంతా పని మాత్రమే చేయనిచ్చిన సమాజం, పని ఆగిపోయాక ఆ మనిషిని ఖాళీగా పారేస్తుందనీ ఆమె వాదన. మన పెద్దలు చాలామంది రిటైరైన మర్నాటి నుంచి భక్తులవుతున్నారంటే అది వయసు తెచ్చిన వైరాగ్యమని పొగడనక్కరలేదు. డబ్బు అక్కరలేకుండా, ఎవరూ ఎందుకొచ్చావని అడగకుండా, పదిమందితో కూర్చోనిచ్చే చోటు ఊళ్లో గుడి అరుగు తప్ప ఇంకేదీ మిగలలేదు. గ్రంథాలయం మూతపడింది, పార్కుకు కంచె పడింది, ఆటస్థలం ప్లాట్లయింది. ముసలివాడు ఇంకెక్కడికి పోవాలి?

ఇక మన విద్యార్థుల సంగతి. నేటి యువకులకు హోరు తప్ప ఆనందం తెలియదని అధ్యాపక మిత్రులు తరచుగా విసుక్కుంటారు. హోరు నాకూ ఇష్టం లేదు. చెవులు నాకూ వున్నాయి. కాని హోరుకు కారణమేమిటో ఆలోచించరేం? పదిహేనో ఏట పిల్లవాణ్ణి తీసుకుపోయి రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో పెడతారు. తెల్లవారుజామున లేపి, రాత్రి పది దాకా స్టడీ అవర్ల పేరుతో కూర్చోబెడతారు. ఆటస్థలం లేదు, పాట లేదు, ఆదివారం పరీక్ష. "యీ రెండేళ్లు కష్టపడితే తరవాతంతా సుఖమే" అని తల్లిదండ్రులు చెబుతారు. తరవాత ఇంజనీరింగు, తరవాత ఉద్యోగం, తరవాత డెబ్భై గంటలు. సుఖం ఎప్పుడూ తరవాతి స్టేషనే. అట్లా బిగించి కట్టిన మనిషికి మూడు గంటలు విడుదల దొరికితే అతను మెల్లగా వీణ వింటాడా? మూడేళ్ల సరదాను మూడు గంటల్లో పట్టించాలి; కనుక సౌండు బాక్సులు అంత పెద్దవి కావాలి. ఆ చప్పుడు వయసు పెట్టించింది కాదు, తీరిక కరువు పెట్టించింది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక కళాశాలలో ఫేర్‌వెల్ పార్టీని రద్దు చేశారు. "చదువుకునే వయసులో చదువు, అంతే" అన్నారు పెద్దలు. ఆవరణలోనే, విద్యార్థుల కమిటీ చేతనే, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా జరపనివ్వమని కొందరం వాదించాం; వినలేదు. ఫలితమేమయింది? పార్టీ ఆగిందా? ఆగలేదు. బయట హాలు అద్దెకు తీసుకున్నారు. చందా ఇవ్వగలిగినవాళ్లు పోయారు, ఇవ్వలేనివాళ్లు మానుకున్నారు. హాస్టలు ఆడపిల్లలకు గేటు ఆరున్నరకే పడుతుంది గనక వాళ్లలో ఒక్కరూ పోలేదు. కళాశాల హాలులో అందరిదీ కావలసిన సాయంత్రం, రద్దు పుణ్యమా అని కొందరిదయింది. క్రమశిక్షణ పేరుతో మనం చేసిన పని సరదాను ఆపడం కాదు. సరదాను డబ్బున్న మొగపిల్లలకు ధారాదత్తం చేయడం.

చివరిగా మనవాళ్లతో రెండు మాటలు. అభ్యుదయవాదులమని చెప్పుకునేవారిలో రెండు పెడధోరణులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఉద్యమకారుడికి వినోదమేమిటనే సన్యాసి ధోరణి. లోకంలో ఆకలి వుండగా పాటలా, ఆటలా అని ప్రశ్నించేవారు తమకు తెలియకుండానే యజమాని భాష మాట్లాడుతున్నారు. శ్రామికుడికి పని తప్ప ఇంకేదీ అక్కరలేదన్నవాడు ఆ యజమానే గదా! 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఇందుకు సమాధానం. నాజర్ బుర్రకథ విన్న జనం మూతి బిగించుకొని వినలేదు. నవ్వారు, ఏడ్చారు, మళ్లీ నవ్వారు, ఆ తరవాతే లేచి నిలబడ్డారు. 1947లో వచ్చిన "మాభూమి" నాటకాన్ని ప్రభుత్వం నిషేధించింది. జనం వినోదం కోసం కూడా గుమిగూడితే పాలకులకు భయం కలుగుతుందని ఆ నిషేధమే రుజువు చేసింది.

రెండవ ధోరణి దీనికి తలకిందులు. యువకులను ఆకర్షించాలంటే వాళ్ల వయసుకు తగ్గ సరుకు ఇవ్వాలని, వ్యాపారి పెట్టిన డీజేనే ఎర్రజెండా కట్టి ఊరేగించడం. ఇది అంగడిని ఓడించడం కాదు, అంగడిలో ఇంకొక కొట్టు తెరవడం. వినేవాడు పాడేవాడు కాగలిగినప్పుడే, చూసేవాడు ఆడేవాడు కాగలిగినప్పుడే ఆ సరదా జనానిదవుతుంది.

అయితే, అన్ని సౌకర్యాలూ వున్న ధనికుడి సరదాలు మాత్రం వయసుతో మారడం లేదా అని ఒక మిత్రుడు అడగవచ్చు. మారుతున్నాయి. మారనివ్వండి. అరవై యేళ్లవాడు గెంతాలని నా ఉద్దేశం కాదు. కూర్చొని వినాలనిపిస్తే కూర్చుంటాడు. కూర్చునేది తన ఇష్టం చేతనా, గతిలేకనా అన్నదే ప్రశ్న. వయసు నిజంగా సరదాను ఎంత మారుస్తుందో తెలుసుకోవాలంటే, ముందు మనుషులందరికీ సమానంగా తీరిక వుండాలి. ఆ ప్రయోగం మన సమాజంలో ఇంకా జరగలేదు. జరిగేదాకా "వయసు స్వభావం" అన్న మాట ఊహాగానమే గాని జ్ఞానం కాదు.

కనుక మన ముందున్న పని స్పష్టం. పది గంటల పనికి వ్యతిరేకంగా పోరాడేవాడు సరదా కోసం కూడా పోరాడుతున్నాడని గుర్తించాలి. ఆడపిల్లల హాస్టలు గేటు వేళ, జూనియర్ కళాశాలలో ఆటస్థలం, ఊళ్లో గ్రంథాలయం తలుపు, ఇంట్లో వంటగది పంపకం: ఇవి చిల్లర విషయాలు కావు. రచయితలు పండగను గురించి రాసేటప్పుడు హాలు వెనక కుళాయి దగ్గరకు కూడా పోయి చూడాలి. అధ్యాపకులు "యీ వయసులో ఇదేమిటి" అనే ముందు, ఎదుటి మనిషికి ఏ వయసులో ఏ గంట దక్కిందో లెక్క అడగాలి. లెక్క అడగడం మొదలుపెడితే, యీ సామెతను ఇన్నాళ్లూ ఎవరు ఎవరికి చెబుతూ వచ్చారో మనకే తెలుస్తుంది.